గోపాలరావు గారి తప్పులు

గోపాలరావు గారు నోరు తెరిస్తే తప్పు చెప్పేవారు.

తడబడి చెప్పే తప్పు కాదది. గొంతు సవరించుకుని, కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకుని, ఒక ఉదాహరణ కూడా జోడించి, తీర్పు చదివే జడ్జీలా చెప్పేవారు. వినేవాడికి మొదట నమ్మకం కలిగేది. కాసేపటికి అనుమానం వచ్చేది. ఆ తరవాత ఒళ్ళు మండేది. నాది ఫ్యాక్టరీల్లో ముక్కలు అచ్చుతీసే డైలు తయారుచేసే పని. బడిలో నేర్చుకున్నది కాదు, మేస్త్రీల చేతులు చూసి నేర్చుకున్నది. కొలత తప్పిన ముక్క కళ్ళబడితే నాకు అన్నం సయించదు. అలాంటి నన్ను దేవుడు తీసుకెళ్ళి ఎం.బి.ఏ. చదువంతా ఆయన పక్క బెంచీలో కూర్చోబెట్టాడు.

తొంభైల చివరి మాట. ఉద్యోగాలు చేసుకుంటూ చదువుకునేవాళ్ళ కోసం సికింద్రాబాద్ శివారులో సుచిత్ర అనే కూడలి దగ్గర ఒక కాలేజీలో ఆదివారం ఎం.బి.ఏ. పెట్టారు. బ్యాంకుల వాళ్ళు, మందుల కంపెనీల వాళ్ళు, మేడ్చల్ రోడ్డు ఫ్యాక్టరీల వాళ్ళు చేరారు. అందరూ సోమవారం మొహాలు ఆదివారమే వేసుకుని వచ్చేవాళ్ళు. దూరవిద్యలో డిగ్రీ తెచ్చుకుని నేనూ చేరాను. నేను చేసిన డైకి ధర ఎంతో మా ఓనరు చెబుతుంటే వినడమే గాని, ఆ ధర ఎక్కణ్ణుంచి వస్తుందో నాకు తెలిసేది కాదు. అది తెలుసుకుందామని చేరాను.

గోపాలరావు గారు కృష్ణా జిల్లా నుంచి వచ్చి సుచిత్ర వెనక కాలనీలో ఇల్లు కట్టుకున్న మనిషి. ఒక మందుల కంపెనీలో స్టోర్స్ ఆఫీసరు. యాభై దాటాయి.

"ఈ వయసులో చదువెందుకు సార్?" అని మొదటి రోజే అడిగాను.

"బుర్రకి పని చెబితే జుట్టు ఊడటం ఆగుతుందండీ," అన్నారు గంభీరంగా.

ఆగడానికి ఆయన తల మీద అప్పటికే ఏమీ మిగల్లేదు.

కాలేజీ వాళ్ళు ప్రాజెక్టు పని కోసం మమ్మల్ని ముగ్గురేసి చొప్పున జట్లు కట్టారు. మా జట్టులో మూడోవాడు సిద్దిరాములు. మేడ్చల్ మనిషి. వాల్వులు చేసే కంపెనీలో క్వాలిటీ చెకర్. తయారైన ప్రతి వాల్వూ అతని చేతి మీదుగా, కొలత చూసే అతని గేజీ గుండా పోవాలి. ఆ అలవాటు ఇంటికీ బజారుకీ కూడా వచ్చేసింది. టీ గ్లాసు ఇస్తే ముందు వెలుతురుకు ఎత్తి చూసేవాడు. బెంచీ మీద కూర్చునే ముందు దాని కాలు కదిపి చూసేవాడు. పెళ్ళి పత్రిక ఇస్తే ముహూర్తం కంటే ముందు అచ్చుతప్పు చూసేవాడు.

పనిలో అంత గట్టివాడు క్లాసులో మూగవాడు. చేరిన కొత్తలో ప్రొఫెసర్ రఘునందన్ గారు ఏదో అడిగితే లేచి వచ్చీరాని ఇంగ్లీషులో జవాబు చెప్పాడు. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. అంతే. ఆ రోజు అతని నోటికి వెల్డింగ్ పడింది.

ఎవరైనా నేర్పుదామన్నా కుదిరేది కాదు. నేను ఓపిగ్గా చెప్పుకుంటూ పోయేవాణ్ణి.

"సమజైందా అన్నా?"

"అయింది తమ్మీ."

"అయితె ఒక్కసారి నువ్వు చెప్పు."

"ఇగ నువ్వు చెప్పినవు గద."

అతనికి ముక్క కూడా అర్థం కాలేదని ఇద్దరికీ తెలుసు. తెలియలేదని చెప్పడం కంటే తెలిసిందని తల ఊపడం అతనికి తేలికగా ఉండేది.

చిక్కేమిటంటే, మాకంటే ముందు బ్యాచిలో చేరిన అతను అకౌంట్స్ సబ్జెక్టు అప్పటికే రెండుసార్లు తప్పాడు. మూడోసారి కూడా తప్పితే కాలేజీ రిజిస్టరులోంచి పేరు కొట్టేస్తారు. అతని కంపెనీ కొత్త యూనిట్ కడుతోంది. "పాసై రా సిద్దిరాములూ, ఆ యూనిట్‌కి క్వాలిటీ మేనేజరువి నువ్వే. పాస్ గాకుంటె బయటోణ్ణి తేవాలె, నా చేతుల లేదు," అని ఓనరు చెప్పేశాడు. బయటివాడు వస్తే, చెకింగ్ బల్ల దగ్గర నిలబడి వాడికి పని నేర్పాల్సింది మళ్ళీ సిద్దిరాములే. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా అతని చెయ్యి జేబులో గేజీ కోసం వెతుక్కునేది.

మేం శనివారం సాయంత్రాలు కుత్బుల్లాపూర్‌లో మా చర్చి సండే స్కూలు గదిలో కూర్చుని చదువుకునేవాళ్ళం. మా నాయిన ప్రభుదాసు సంఘ పెద్ద. తాళంచెవి ఆయన దగ్గర ఉండేది. తాళం తీసి వెళ్ళిపోవచ్చు కదా, వెళ్ళేవాడు కాదు. తలుపు దగ్గర కుర్చీ వేసుకుని బైబిలు తెరుచుకుని, చెవి మాత్రం మా వైపు పెట్టేవాడు. అవి చిన్నపిల్లల బెంచీలు. కూర్చుంటే మోకాళ్ళు గడ్డాన్ని తాకేవి. ఆ భంగిమలో కాబోయే మేనేజర్లం ముగ్గురం వ్యాపార నిర్వహణ నేర్చుకున్నాం.

మొదటి శనివారం పాఠం యంత్రాల తరుగుదల. గోపాలరావు గారు గొంతు సవరించుకున్నారు. కళ్ళజోడు తుడిచారు.

"చూడండి సిద్దిరాములు గారూ. యంత్రం కొన్నాం. ఏళ్ళు గడిచేకొద్దీ దానిమీద మనకి మమకారం పెరుగుతుంది. అంచేత లెక్కల్లో దాని విలువ ఏటేటా పెంచుకుంటూ పోవాలి. మా తాతగారి గడియారం చూడండి, ఇప్పుడు అమ్మమంటే అమ్ముతామా?"

నేను నోరు తెరవబోయాను.

"జోయెల్ గారూ, మీరు కాస్త టీ చెప్పి రండి," అన్నారు ఆయన నా వైపు చూడకుండా.

పెద్దాయన చెబితే కాదనలేక లేచాను. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి ఒక గొంతు వినిపించింది. అది సిద్దిరాములు గొంతని పోల్చుకోడానికి నాకు కొంచెం సమయం పట్టింది. అంతవరకు ఆ గొంతులోంచి "అయింది తమ్మీ" తప్ప ఇంకో మాట వినలేదు.

"గట్లెట్లయితది సార్? అరిగిన మిషన్‌కు ధర పెరుగుతదా? మా కాడ లేత్ మిషన్ ఉన్నది. కొన్నప్పుడు ఎట్ల నడిచింది, ఇప్పుడెట్ల నడుస్తాంది? దినదినం అరుగుతాంది. ఎంత అరిగిందో గంత ధర తీసెయ్యాలె. తియ్యకుంటె లేని లాభం ఉన్నట్టు కనవడదా?"

నేను టీ తీసుకుని వచ్చేసరికి అతను నల్లబల్ల ముందు నిలబడి సుద్దముక్కతో లేత్ మిషన్ బొమ్మ గీస్తున్నాడు. గోపాలరావు గారు బెంచీ మీద మోకాళ్ళు కౌగిలించుకుని, చిన్నపిల్లాడిలా నోరు తెరుచుకుని వింటున్నారు.

"ఓహో! అలాగా అండీ?" అన్నారు.

ఆ శనివారం నుంచి ప్రతివారం అదే వరస. ఫ్యాక్టరీ మూసేస్తే షెడ్డు అద్దె కూడా దానంతటదే ఆగిపోతుందన్నారు. "షెడ్డు ఓనరు ఊకుంటడా సార్? గల్ల వట్టి అడుగుతడు. మాలు చేసినా చెయ్యకున్నా అద్దె అద్దెనే!" అని సిద్దిరాములు గంటసేపు స్థిర ఖర్చుల మీద ఉపన్యాసం ఇచ్చాడు. బ్రేక్ ఈవెన్ అంటే నష్టం సగానికి తగ్గిన చోటన్నారు. "లాభం లేదు, నష్టం లేదు, గది సార్!" అని సిద్దిరాములు తల పట్టుకున్నాడు. నేను ఎప్పుడు దిద్దబోయినా సరిగ్గా ఆ క్షణానికే గోపాలరావు గారికి టీ గుర్తొచ్చేది. ఎం.బి.ఏ.లో నేను చదివిన దానికంటే తాగిన టీ ఎక్కువ.

అన్నిటికంటే నన్ను కలవరపెట్టింది స్టోర్స్ పాఠం. అది ఆయన సొంత పని. అందులోనైనా తప్పు చెప్పరనుకున్నాను.

"స్టోరులోకి కొత్తగా వచ్చిన సరుకు ముందు బయటికి పంపెయ్యాలండీ," అన్నారు. "తాజాగా ఉంటుంది కదా. పాతది అడుగునే ఉండనివ్వాలి. అది ఎక్కడికీ పోదు."

"అది పోదు సార్, దాని డేటు పోతది!" అని సిద్దిరాములు లేచి నిలబడ్డాడు. "మీరు మందుల స్టోర్ల ఉన్నరు. డేటు పోయిన గోలీలు జనాలకు పోతె ఏంది పరిస్థితి? ముందుగాల వచ్చింది ముందుగాలనే పోవాలె!"

తలుపు దగ్గర మా నాయిన బైబిలు మూసేశాడు.

"సార్, మీ కంపెనీ పేరేంది?" అని అడిగాడు చిన్నగా.

గోపాలరావు గారు చెప్పారు. మా నాయిన మొహం పాలిపోయింది. ఆయన బీపీ గోలీలు ఆ కంపెనీవే.

ఆ రోజు నుంచి శనివారం చదువు అయిపోగానే మా నాయిన అందర్నీ నిలబెట్టి ప్రార్థన చేసేవాడు. "ప్రభువా, ఈ గోపాలరావు గారికి తెలివినియ్యి. ఆయన స్టోరును కాపాడు. ఆయన స్టోర్లకెల్లి వచ్చే గోలీలు మింగేటోళ్ళను మరీ మరీ కాపాడు." గోపాలరావు గారు చేతులు జోడించి, కళ్ళు మూసుకుని, అందరికంటే గట్టిగా "ఆమెన్" అనేవారు.

క్లాసులోనూ ఆయన ధోరణి అదే. రఘునందన్ గారు ప్రశ్న వేస్తే గోపాలరావు గారు చెయ్యి ఎత్తేవారు. ఆయన తప్పుకి క్లాసంతా నవ్వేది. పక్కనే కూర్చున్న సిద్దిరాములు తట్టుకోలేక, "అది గాదు సార్, ఇట్ల," అని గొణిగేవాడు. కొన్ని వారాలకి ఆ గొణుగుడు రెండో బెంచీ దాకా, ఇంకొన్నాళ్ళకి ప్రొఫెసర్ గారి చెవిదాకా వెళ్ళింది.

"ఎవరది సరిగ్గా చెప్పింది?"

సిద్దిరాములు బల్ల కింద ఏదో పడినట్టు వంగిపోయేవాడు.

"వీరేనండీ," అని గోపాలరావు గారు అతని వీపు చూపించేవారు.

నవ్వులన్నీ గోపాలరావు గారి వాటాకే వచ్చేవి. బ్యాంకు కుర్రాళ్ళు ఆయన వెనక నడుస్తూ కళ్ళజోడు తుడిచినట్టు నటించేవాళ్ళు. ఆయన వెనక్కి తిరిగి, "బాగా తుడవండి, మసక పోలేదు," అనేవారు.

ఇంతలో పరీక్షల ఫలితాలు వచ్చాయి. అన్ని సబ్జెక్టుల్లోనూ క్లాసులో మొదటివాడు గోపాలరావు.

ఎవరూ నమ్మలేదు. రఘునందన్ గారు అస్సలు నమ్మలేదు. తరవాతి పరీక్షలో ఆయన్ని అందరికీ దూరంగా, తన బల్ల ఎదురుగా కూర్చోబెట్టుకుని మొహం మీంచి చూపు తిప్పకుండా కాపలా కాశారు. ఈసారి ఇంకా ఎక్కువ మార్కులు వచ్చాయి. ఆ కాలేజీలో ఒక సిద్ధాంతం పుట్టింది, దాన్ని ప్రచారం చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను: గోపాలరావు గారి బుర్రలోంచి చేతికి వెళ్ళే తీగ బాగానే ఉంది, నోటికి వెళ్ళే తీగే ఎక్కడో తెగింది.

అకౌంట్స్ రాత పరీక్ష సిద్దిరాములు ఈసారి గట్టెక్కాడు. ఇక మిగిలింది దాని మౌఖిక పరీక్ష. బయటి నుంచి ఒక ఎగ్జామినర్ వచ్చి, జట్టు మొత్తాన్ని ఒకేసారి కూర్చోబెట్టి, ఒక్కొక్కర్నీ విడిగా ప్రశ్నలు అడుగుతాడు. అంతకుముందు రెండుసార్లూ సిద్దిరాములు అక్కడ నోరే తెరవలేదు.

ఆ పొద్దు గది బయట నిలబడి అతను తలుపు గొళ్ళెం బిగుతు చూస్తున్నాడు.

"అన్నా, నీకు అన్నీ వచ్చినయి. భయపడకు," అన్నాను.

"వచ్చినయి తమ్మీ. అయితె నోట్లెకెల్లి రావు," అన్నాడు.

లోపలికి వెళ్ళాం. ఎగ్జామినర్ తెల్లజుట్టు పెద్దమనిషి. నన్ను అడిగారు, చెప్పాను. గోపాలరావు గారిని అడిగారు. నేను చెవులు మూసుకుందామనుకున్నాను. ఆయన సరిగ్గా చెప్పారు! అడిగిన ప్రతిదానికీ నీళ్ళు తాగినంత తేలిగ్గా చెప్పుకుపోయారు. ఎగ్జామినర్ కలం చేతిలోకి తీసుకుని సంతోషంగా తల ఊపారు. పక్కనే కూర్చున్న రఘునందన్ గారు కుర్చీలో ముందుకు జరిగారు. ఏటా మొదటివాడికి కాలేజీ ఒక షీల్డు ఇస్తుంది. అది ఆ నిమిషంలో గోపాలరావు గారి ఒళ్ళో ఉంది.

తరవాత సిద్దిరాములు వంతు వచ్చింది.

"ఒక కంపెనీ మంచి లాభాల్లో ఉంది. అయినా నెలాఖరుకి జీతాలివ్వడానికి డబ్బు లేదు. ఎందుకు?"

సిద్దిరాములు పెదవులు కదిలాయి. మాట రాలేదు. ఎగ్జామినర్ అదే ప్రశ్న మళ్ళీ వేశారు. అతని చెయ్యి జేబులో గేజీ కోసం తడుముకుంటోంది.

"సరేనండీ. ఇంకోసారి చూద్దాం," అని ఎగ్జామినర్ మెల్లిగా కాగితం పక్కకి పెట్టబోయారు. ఇంకోసారి అనేది లేదని ఆయనకి తెలియదు. మాకు తెలుసు.

అప్పుడు గోపాలరావు గారు గొంతు సవరించుకున్నారు. కళ్ళజోడు తీసి తుడిచారు.

"అసలు ఆ ప్రశ్నే తప్పండీ," అన్నారు ఎగ్జామినర్‌తో. "లాభం వచ్చిందంటే గల్లాపెట్టెలో డబ్బు ఉన్నట్టే. జీతాలకి లేదంటే కేషియర్ దొంగన్న మాట. వాణ్ణి పోలీసులకి పట్టివ్వాలి."

ఎగ్జామినర్ కలం ఆగిపోయింది. "ఇప్పటిదాకా బాగా చెప్పారు కదండీ మీరు?"

"అదంతా బట్టీ అండీ," అన్నారు గోపాలరావు గారు వినయంగా.

"సార్!" అన్నాడు సిద్దిరాములు.

ఆ గదిలో అందరం ఉలిక్కిపడ్డాం.

"కేషియర్ ఏం జేసిండు సార్, పాపం? మాలు పోయింది, బిల్లు రాసినం. బిల్లు రాస్తే లాభం కాగితం మీద వచ్చినట్టే. కాని పైసలు వచ్చినయా? మా వాల్వులు తీసుకపోయిన కంపెనీ నెలలకు నెలలు ఇయ్యదు. ఇనుము ఇచ్చినోడు మాత్రం గేటు కాడ నిలవడి ఇప్పుడే ఇయ్యమంటడు. స్టోర్ల మాలు పేరుకపోయి ఉంటది, అదిగూడ పైసలే, కని దాంతోని జీతాలు ఇయ్యరాదు. లాభం వేరు, చేతిల పైసలు వేరు. గీ ముచ్చట తెల్వకనే మంచి మంచి కంపెనీలు మునిగినయి సార్!"

అంతా అయ్యాక తనెక్కడున్నాడో గుర్తొచ్చి ఆగిపోయాడు. తెలుగులో మాట్లాడాననుకుని తల దించుకున్నాడు.

"ఆగారేం? తెలుగులోనే చెప్పండి," అన్నారు ఎగ్జామినర్. "మరి ఆ కంపెనీ ఏం చెయ్యాలి?"

సిద్దిరాములు గోపాలరావు గారి వైపు తిరిగి, ఆయనకే నేర్పుతున్నట్టు, మిగతాదంతా చెప్పాడు. గోపాలరావు గారు మధ్యమధ్యలో "ఓహో! అలాగా అండీ?" అంటూ విన్నారు.

సిద్దిరాములు పాసయ్యాడు. మౌఖికంలో గోపాలరావు గారికి బొటాబొటీ మార్కులు వేశారు. షీల్డు ఒక బ్యాంకు కుర్రాడికి పోయింది. కళ్ళజోడు తుడిచినట్టు నటించేవాళ్ళలో ఒకడు. నాకు మాత్రం మండింది.

"అన్నీ సరిగ్గా చెప్పి, ఆ ఒక్కటెందుకు సార్ అట్ల చెప్పిన్రు?"

"ఏం చేస్తానండీ, నోరు జారింది," అన్నారు. "టీ తాగుదామా?"

ఆ తరవాత ఒకరోజు ఆయన పుస్తకం తిరిగిచ్చేద్దామని సుచిత్ర వెళ్ళాను. ఆయన బజారుకి వెళ్ళారు. వాళ్ళావిడ అమ్మాజీ గారు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు.

"మీ పరీక్షలు అయిపోయాయి, నాకు శనివారాలు తిరిగొచ్చాయి బాబూ," అన్నారు.

"ఏమైందమ్మా శనివారాలకి?"

"ఏం చెప్పను! మధ్యాహ్నం భోంచేశారంటే ఇక కూర్చుని తప్పులు తయారుచేసుకునేవారు."

"తప్పులా?"

"తప్పులే. మరీ తేలికదైతే ఆ సిద్దిరాములు గారికి చిన్నతనంగా ఉంటుందట. మరీ లోతైనదైతే దొరకదట. మధ్యరకంగా ఉండాలట. ఒక్కోటీ తయారుచేసి ముందు నా మీద ప్రయోగించేవారు. నేను పట్టేస్తే, 'ఇది మరీ తేలిక' అని కొట్టేసేవారు." ఆవిడ గ్లాసు టక్కున బల్ల మీద పెట్టారు. "అంటే నాకు దొరికిందంటే లోకువన్న మాట! విని విని నాకూ వచ్చేసింది ఎం.బి.ఏ., ఆయనకి తెలియదు గానీ."

"ఎందుకమ్మా ఇదంతా?"

"నేనూ అదే అడిగాను. సిద్దిరాములు గారు ఎవరో నేర్పితే నేర్చుకునే మనిషి కాదే, కానీ తప్పు కనబడితే దిద్దకుండా ఉండలేడు, అన్నారు. అన్నట్టు, ఈ సంగతి ఆ సిద్దిరాములు గారికి చెప్పకండి బాబూ. నొచ్చుకుంటారు."

చెప్పనన్నాను. బస్సులో వస్తూ చాలాసేపు ఆలోచించాను. ముక్క సరైన కొలతకి చెయ్యడం మా పనిలో చాలామందికి వచ్చు. కావాలని తప్పు చెయ్యాలంటే, సరైన కొలత ఎక్కడుందో తెలియాలి, ఎదుటివాడి చూపు ఎంతవరకు ఆనుతుందో కూడా తెలియాలి. ఆ పనితనం నాకు లేదు. మళ్ళీ ఆ పనికి చప్పట్లుండవు, నవ్వులే ఉంటాయి. వాటిని ఆయన అన్నాళ్ళూ కిమ్మనకుండా పుచ్చుకున్నారు.

సర్టిఫికెట్లు ఇచ్చే సభ సికింద్రాబాద్‌లో పెట్టారు. అప్పటికి సిద్దిరాములు కొత్త యూనిట్‌లో మేనేజరుగా చేరిపోయాడు. సభ అయ్యాక మేడ్చల్‌లో వాళ్ళింట్లో అందరికీ భోజనం. మా నాయిన కూడా వచ్చాడు. తన ప్రార్థనల వల్లే గోపాలరావు గారు పాసయ్యారని బస్టాపు దాకా ఆయన అందరికీ చెబుతున్నాడు.

బస్టాపులో జనం తోసుకుంటున్నారు. "ఇదే మేడ్చల్ బస్సు, ఎక్కండెక్కండి," అని గోపాలరావు గారు మమ్మల్ని ఎక్కించారు. "నలుగురికీ ఆఖరి స్టాపుకివ్వు," అని టికెట్లు కూడా ఆయనే తీసుకున్నారు. మా నాయిన కిటికీ పక్కన కూర్చుని కునుకు తీశాడు. కాసేపటికి బయటికి చూస్తే అల్వాల్. మేడ్చల్ వెళ్ళే బస్సు అల్వాల్ మీదుగా వెళ్ళదు.

చెబుదామని నోరు తెరిచి, ఆగాను. గోపాలరావు గారు తప్పు చేశారంటే దాని వెనక ఏదో ఉంటుంది. చెడగొట్టడం దేనికని ఊరుకున్నాను. పక్కన సిద్దిరాములు కూడా బయటికి చూశాడు, గోపాలరావు గారి వంక చూశాడు, మళ్ళీ ముందుకు తిరిగి కూర్చున్నాడు. తూంకుంట దాటింది. మేమిద్దరం బిగదీసుకుని కూర్చున్నాం.

బస్సు ఆగింది. దిగాం. ఎదురుగా శామీర్‌పేట చెరువు మెరుస్తోంది.

మేం ఆయన వైపు చూస్తూ నిలబడ్డాం. ఆయన చెరువు వైపు చూస్తూ నిలబడ్డారు.

"మీ మేడ్చల్‌లో ఇంత పెద్ద చెరువుందని ఎప్పుడూ చెప్పలేదేం సిద్దిరాములు గారూ?" అన్నారు.

సిద్దిరాములు ఆయన మొహాన్ని వాల్వును చూసినట్టు ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ చూశాడు. తరవాత అతని మొహమంతా నవ్వు పాకింది.

"జోయెలు తమ్మీ, గిది అసలుది!"

"ఏదన్నా?"

"తప్పు! సార్ ఇన్నొద్దులు జేసినయన్నీ తయారు జేసినయి. గిదొక్కటే అసలు తప్పు!"

గోపాలరావు గారు కళ్ళజోడు తీశారు, కానీ తుడవడం మరిచిపోయారు. "మీకు... తెలుసా?"

"తెల్వకుంటదా సార్? మా కాడ కొత్త చెకర్ వస్తె, మంచి వాల్వులల్ల కొన్ని ఖరాబువి కలిపి ఇస్తం, పడుతడా లేదా అని. గవి తయారు జేసేది నేనే. అసలు ఖరాబు ముక్క ఏడ ఖరాబైందో దానికే తెల్వది. తయారు జేసింది సరిగ్గ గేజి పెట్టే కాడనే ఖరాబుంటది. మీ తప్పులన్ని గట్లనే ఉండె సార్, సక్కగ నా చెయ్యి పోయే కాడ. లేత్ మిషన్ ముచ్చట దినమే సమజైంది నాకు."

"మరి ఇన్నాళ్ళూ ఒక్కసారైనా అనలేదేమండీ?"

"గంత తిప్పలవడి తయారు జేసుకొస్తరు. నేను పట్టుకోకుంటె మీ మనసు నొవ్వదా?"

గోపాలరావు గారు కళ్ళజోడు లేని కళ్ళతో చెరువు వైపు తిరిగి, "అయితే మేడ్చల్ ఎటండీ?" అన్నారు చిన్న గొంతుతో.

అంతసేపూ అటూ ఇటూ చూస్తున్న మా నాయిన అప్పుడు కల్పించుకున్నాడు.

"ఆగున్రి. అంటె ఈ సార్‌కు ముందుగాల్నే అన్ని వచ్చా? మరి నేను వారం వారం ప్రార్థన జేసింది ఊకెనేనా?"

"ఊకెనే ఎందుకైతది పెద్దయ్యా?" అన్నాడు సిద్దిరాములు. "ఇగ అవసరం వడ్డది ఇప్పుడే."

మా నాయిన ఒక్క క్షణం ఆలోచించాడు. న్యాయమే అనిపించింది కాబోలు, మెడలో కండువా సర్దుకుని, ఆటోలు మా చుట్టూ హారన్లు కొడుతుంటే, అక్కడే రోడ్డు పక్కన కళ్ళు మూసుకున్నాడు.

"ప్రభువా, ఈ గోపాలరావు గారికి బస్సుల తెలివినియ్యి..."

అందరికంటే గట్టిగా "ఆమెన్" అన్నది గోపాలరావు గారే.